హిమము కురిసిన దినము

తెలుగువారికి మంచు అను మాట ఒక్కటే. ధనుర్మాసమున తెల్లవారుజామున చెట్ల నడుమ తెరవలె దిగునదియు మంచే. గడ్డిపరకల కొసలయందు నిలుచు బిందువులును మంచే. హిమవత్పర్వత శిఖరములను కప్పియుండు ధవళరాశియు మంచే. సంస్కృతమున నీహారము, తుషారము, తుహినము, ప్రాలేయము అని పేళ్లు పెక్కు కలవు గాని, అమరసింహుడు వానిని పర్యాయపదములుగా ఒక్కచోట కూర్చి విడిచెను. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగికి శీతకాలమున జనులు తండోపతండములుగా పోయి మంచు చూచి వత్తురు. అచట వారు చూచునది లోయలలో నిండిన పొగమంచు. చలి మిక్కుటమైన వేకువలందు గడ్డిపై పేరుకొను తెల్లని నూగు. ఆకాశమునుండి రేకులు రేకులుగా రాలు హిమము కాదు. తెలుగు బిడ్డలు పెక్కురు హిమపాతమును చిత్రములలోనే చూతురు.

ఈ అనుభవలేమి మనకొక సౌకర్యమును గూడ కల్పించుచున్నది. ఏటేట హిమము కురియు దేశములవారికి అది పార పట్టుకొని తీసివేయవలసిన పని. ఎన్నడో ఒకమారు కురియు చోట అది ఏమగునో తెలిసికొనుట మనకే సులభము. ఏలయన, మనమును వారివలె తలయెత్తి నోరు తెరచి చూచువారమే. అట్టి చోటొకటి, అట్టి దినమొకటి తీసికొని, పసిబిడ్డ గల ఇంటిలో ఆ దినమెట్లు గడచునో ఇచట పరిశీలింతము.

ఆ చోటు అమెరికా సంయుక్త రాష్ట్రములలో దక్షిణపు కొసనున్న న్యూ ఆర్లియన్స్ నగరము. ఆ దినము 2025 వ సంవత్సరము జనవరి 21, మంగళవారము. భూగోళమున ఈ నగరమును మన హరిద్వారమును ఇంచుమించు ఒకే అక్షాంశముపై నున్నవి. అయితే హరిద్వారమునకు ఉత్తరమున హిమాలయము గోడవలె నిలిచి మధ్య ఆసియా చలిగాలులను అడ్డగించును. న్యూ ఆర్లియన్స్‌కు ఉత్తరమున ధ్రువప్రాంతము వరకు అట్టి అడ్డు ఏదియు లేదు. అందుచేత ఎప్పుడో ఒకప్పుడు ఆర్కిటిక్ చలిగాలి మైదానముల మీదుగా జారి సముద్రతీరము వరకు వచ్చును. వచ్చినంత మాత్రమున హిమము కురియదు. ఆ గాలి పొడిగాలి. అదే వేళకు మెక్సికో సింధుశాఖపై అల్పపీడన మేర్పడి తేమను పైకి తోయవలెను. చలి ముందు వచ్చి తేమ వెనుక వచ్చినచో లాభము లేదు. తేమ ముందు వచ్చినచో వానయే కురియును. ఈ రెండును సరిగా కలిసికొనుట అరుదు. 2025 జనవరిలో అట్లు కలిసికొన్నవి. ఆ తీరమున జాతీయ వాతావరణ శాఖ అంతకు ముందెన్నడును చేయని హిమతుఫాను హెచ్చరికను మొదటిసారిగా చేసెను. న్యూ ఆర్లియన్స్ విమానాశ్రయమున 8 అంగుళముల హిమము కొలతకు వచ్చెను. ఆ విమానాశ్రయపు లెక్కలలో అంతకుముందు గరిష్ఠము 1963 డిసెంబరు 31 న పడిన 2.7 అంగుళములు మాత్రమే. నడుమ 2004 లో క్రిస్మసు నాడును, 2008 డిసెంబరులోను కొంచెము కొంచెము రాలి మాయమైనది.

ఇంకొక విషయము చెప్పక తప్పదు. ఆ నగరము అప్పుడు దుఃఖములో నుండెను. అదే జనవరి 1 వ తేదీ తెల్లవారుజామున, బోర్బన్ వీథిలో నూతన సంవత్సరోత్సవము చేసికొనుచున్న జనులపైకి ఒకడు వాహనమును తోలి 14 మందిని బలిగొనెను. మూడు వారములైనను కాలేదు. మరణించినవారికై అదే వీథిలో పెట్టిన పూలు, కొవ్వొత్తులు ఉన్న చోటనే హిమము కురిసెను. కావున ఆ నాటి ఆనందము చింతలెరుగని ఆనందము కాదు. దుఃఖములో నున్న ఇంట బిడ్డ ఆడుకొనవచ్చునా, పెద్దలు ఆడవచ్చునా అను ప్రశ్న మనకును క్రొత్తది కాదు. మన ఇండ్లలో ఏటిసూతకమున పండుగ చేయవచ్చునా అని అడుగుదుము గదా. ఆచారము పెద్దలకు విధించిన దానిని బిడ్డలకు సడలించును. ముంగిట ముగ్గు లేకున్నను బిడ్డ చేతిలో మిఠాయి పెట్టని ఇల్లు అరుదు.

ఆ నగరమున ఒక కుటుంబమును ఊహింతము. తండ్రి, తల్లి, తల్లి యొక్క తల్లి, ఐదేండ్ల బాలిక. అమ్మమ్మ 1963 నాటికి ఎనిమిదేండ్లది. ఆ హిమమును ఆమె చూచినది. మరునాడు, అనగా 1964 జనవరి 1 న, ఆ ఊరి ఆటస్థలములో హిమమును ప్రక్కలకు త్రోసి సుగర్ బౌల్ అను పేరుగల పోటీని ఆడించిరని ఆమె ఇప్పటికిని చెప్పును. ఆమె కూతురు 2008 లో చూచినది. బాలిక ఏమియు చూడలేదు. సోమవారము సెలవుదినము, మంగళ, బుధవారములు పాఠశాలలు మూసివేయబడినవి, విమానములు లేవు, రాజమార్గములను మూసిరి. తండ్రి ఉద్యోగము మాత్రము మూతపడలేదు. ఇంటనుండియే యంత్రము ముందు కూర్చుండి చేయదగిన ఉద్యోగములకు ఈ కాలమున హిమమైనను సెలవు తెచ్చిపెట్టదు. ఉదయము తొమ్మిదింటికి ఆయన కొక సమావేశము కలదు. తొమ్మిదింటికే కిటికీ బయట ఆకాశము రాలుచున్నది.

ఇది చిన్న ధర్మసంకటమువలె కనిపించును, చిన్నదే. అయినను గృహస్థాశ్రమమున ధర్మసంకటము లన్నియు ఇంత చిన్నవిగానే వచ్చును. పెద్దదిగా వచ్చినపుడు మనుష్యుడు గ్రంథములు తీసి చూచును, పెద్దలను అడుగును. చిన్నదిగా వచ్చినపుడు "ఒక్క పది నిమిషములు ఆగుమమ్మా" అని ముగించును. ఆ పది నిమిషములు గంటయగును. సాధారణ దినమున ఆ గంటకు బదులు మరునాడు మరియొక గంట ఈయవచ్చును. ఈ దినమునకు బదులు లేదు. బాలిక మరల ఇట్టి హిమమును తన ఊరిలో చూచునాటికి ఆమెకు ఎన్నేండ్లుండునో, ఆ నాడు ఆమె చేయి పట్టుకొనుటకు ఎవరుందురో చెప్పజాలము. ఉద్యోగమును విడువుమని చెప్పుట ఇచట అభిప్రాయము కాదు. ఆ జీతము మీదనే ఇల్లు నడచుచున్నది. సమావేశములో తన వంతు మాటలు ముందే చెప్పి పదిగంటలకు లేచుట సాధ్యమే. అడిగినవారు పెక్కురకు దొరికినది గూడ; ఆనాడు సమావేశములోని తక్కినవారును కిటికీల వైపే చూచుచుండిరి.

బయటకు పోవుటకు ముందు చేయవలసినది కలదు. ఉష్ణదేశపు ఇండ్లలో చలి దుస్తులుండవు. చిన్నబిడ్డ శరీరము పెద్దవారి శరీరము కంటె త్వరగా చల్లబడును. బరువుతో పోల్చిన యెడల చర్మపు వైశాల్యము ఎక్కువ యగుటయే దీనికి కారణము. వేడి పోవుటకు దారులెక్కువ, నిలుపుకొనుటకు నిలువ తక్కువ. నూలుబట్ట పొడిగా నున్నంతవరకు మంచిదే గాని, తడిసినచో ఒంటి వేడిని లాగివేయును. కావున లోపల ఒకటి, దానిపై ఉన్ని, ఆపైన వానకోటు. చేతిజోళ్లు లేనిచోట మేజోళ్లే చేతులకు తొడిగి వానిపై సంచులు కట్టుదురు; బూట్లలోను అట్లే. వ్రేళ్లు ఎఱ్ఱబారినంత వరకు ఆడవచ్చును. తెల్లబారి స్పర్శ తెలియకపోయినచో లోపలికి తీసికొనిపోయి గోరువెచ్చని నీటిలో మెల్లగా వెచ్చజేయవలెను, రుద్దరాదు. ఇంటిలో చలి కాచుకొనుటకు బొగ్గుల కుంపటిని తలుపులు బిగించి పెట్టుకొనుట ప్రాణాంతకము. ఆ విషవాయువునకు రంగు లేదు, వాసన లేదు. ఇది మన దేశమునను ప్రతి శీతకాలము ఎక్కడనో ఒకచోట ఇంటిల్లిపాదిని తీసికొనిపోవుచున్నది.

తలుపు తెరచినపుడు బిడ్డకు మొదట తెలియునది తెలుపు కాదు, నిశ్శబ్దము. క్రొత్తగా పడిన హిమములో చాలభాగము గాలియే. రేకుకును రేకుకును నడుమనున్న సందులలో శబ్దతరంగము చొచ్చి అణగిపోవును. వాహనములు లేని వీథిలో ఈ నిశ్శబ్దము రెట్టింపగును. బాలిక అరుగుమీద నిలిచిపోవును. వెనుకనుండి ఎవరును త్రోయకున్నచో, "దిగుమమ్మా, చూడుమమ్మా" అని ఎవరును తొందరపెట్టకున్నచో, ఆమె అట్లు నిలిచియుండు కాలము పెద్దలు తలచినదాని కంటె ఎక్కువ. పెద్దలు ధ్యానమునకు ఆసనము వేసికొని కూర్చుండి గంటసేపు యత్నించి పొందజాలని ఏకాగ్రత ఆ బిడ్డకు అప్రయత్నముగా కలుగుచున్నది. ఇది సమాధియని చెప్పుట అతిశయోక్తి. బిడ్డ మనస్సు తాను చూచుచున్నాననిగూడ ఎరుగదు. సాధకుడు ఎరిగి నిలువవలెను. ఈ భేదమును మరచి బాల్యమును మోక్షముతో సమానము చేయు వ్రాతలు ఈనాడు ఎక్కువైనవి. అయినను, ఆ నిలుపును చెడగొట్టకుండుట పెద్దలు చేయగల సేవ.

ఆ సేవకు పెద్ద విఘ్నము చేతిలోని ఫోను. చిత్రము తీసికొనుట తప్పుకాదు. దూరముననున్న తాతయు చూడవలెను గదా. కాని మొదటి అడుగు హిమములో పడినపుడు తీయలేకపోయిన తల్లి బిడ్డను వెనుకకు పిలిచి, మరల అరుగెక్కించి, మరల దిగుమనుట కలదు. రెండవసారి దిగు అడుగు ఫోను కొరకు దిగినది. బిడ్డకు ఆ సంగతి తెలియును. అప్పటినుండి ఆమె హిమమును చూడదు, తల్లి చేతిని చూచును. మొదట కొంతసేపు తీసికొని, తరువాత ఫోనును లోపల పెట్టి వచ్చుట మేలు.

బాలిక హిమమును చేతిలోనికి తీసికొని నోట పెట్టుకొనును. న్యూ ఆర్లియన్స్ బిడ్డలకు ఇది సహజము. మన ఊళ్లలో వేసవిని బండిమీద ఐసును తురిమి రంగుపాకము పోసి అమ్మునట్లే, ఆ నగరమున తురిమిన ఐసును పాకముతో కలిపి వేసవియంతయు అమ్ముదురు. దాని పేరే హిమపు ముద్ద యని అర్థమిచ్చు మాట. కావున ఆ బిడ్డకు ముద్ద ముందు తెలిసినది, హిమము తరువాత తెలిసినది. పాకమేదని ఆమె అడుగును. అది జనవరి మాసము. క్రైస్తవుల కార్నివాల్ దినములు మొదలై, లోపల చిన్న శిశువు బొమ్మను దాచి కాల్చు తీపిరొట్టెలు ప్రతి ఇంట నుండును. ఇంటిలో తీపికి కొదువ లేదు. అమ్మమ్మ ఒక గిన్నెలో పైపొరలోని శుభ్రమైన హిమమును తీసి పాకము పోసి ఇచ్చును.

ఆ తరువాత ప్రశ్నలు వచ్చును. ఇది ఎందుకు తెల్లగా ఉన్నది? గ్లాసులోని ఐసుముక్క తెల్లగా లేదు గదా? ఇది మంచి ప్రశ్న. హిమపు రేకు గూడ నిజమునకు రంగులేనిదే, పారదర్శకమే. కాని అట్టి చిన్న చిన్న ముఖములు లెక్కకు మించి ఒకదానిపై నొకటి పడియున్నపుడు, వెలుగు ప్రతి ముఖము వద్దను కొంచెము కొంచెము వంగి, మరలి, ఏ రంగును విడువకుండ అన్ని దిక్కులకు చెదరును. అన్ని రంగులును సమముగా తిరిగివచ్చుటయే తెలుపు. పంచదార పలుకు ఒక్కటి తీసి వెలుగునకు పట్టి చూపి, తరువాత రాశిని చూపినచో ఐదేండ్ల బిడ్డకు ఇది తెలియును.

రేకునకు ఆరు కోణము లేల అను ప్రశ్న ఇంతకంటె పెద్దది. 1611 లో ప్రాగు నగరమున యోహాన్ కెప్లరు, తనకు ఆశ్రయమిచ్చు మిత్రునకు నూతన సంవత్సర కానుకగా ఏమియు ఈయలేక, ఈ ప్రశ్నను గూర్చియే ఒక చిన్న గ్రంథము వ్రాసి ఇచ్చెను. గ్రహముల మార్గములను కనుగొన్నవాడు తన కోటుమీద పడిన రేకును చూచి ఐదు గాక, ఏడు గాక ఆరే ఎందుకని అడిగెను. గోళములను దగ్గరగా పేర్చినపుడు ఏర్పడు అమరికలో సమాధానమున్నదేమో యని ఊహించి, తుదకు తనకు నిశ్చయముగా దొరకలేదని ఒప్పుకొనెను. అటు తరువాత మూడు శతాబ్దములకు గాని, ఎక్స్-కిరణములు స్ఫటికముల లోపలి కూర్పును చూపు వరకు గాని, అది తేలలేదు. నీటి అణువులు గడ్డకట్టునపుడు ఆరు మూలల గూళ్లుగా పేరుకొనును. ధూళికణము చుట్టు మొదలైన ఆ చిన్న ఆరు మూలల పలక మేఘములో దొర్లుచు మూలలవద్ద ఎక్కువ ఆవిరిని పట్టుకొని కొమ్మలు వేయును. చలి, తేమ మారినకొలది కొమ్మల రూపు మారును. 1936 లో జపానులో నకయా ఉకిచిరో అను శాస్త్రజ్ఞుడు ప్రయోగశాలలో కుందేటి రోమముపై మొదటి కృత్రిమ హిమస్ఫటికమును పెంచి, ఏ చలిలో ఏ రూపు వచ్చునో క్రమముగా కనిపెట్టెను.

ఈ ఇరువురి నడుమనున్న మూడవవాడు తల్లిదండ్రులు తప్పక తెలిసికొనదగినవాడు. అమెరికాలో వెర్మాంటు రాష్ట్రమున జెరికో అను పల్లెలో విల్సన్ బెంట్లీ అను రైతుబిడ్డ ఉండెను. తల్లి పూర్వము ఉపాధ్యాయిని. బిడ్డకు ఇంటిలోనే చాలకాలము చదువు చెప్పినది. తన సూక్ష్మదర్శినిని అతనికి ఆమె ఇచ్చెను. అతడు దానిలో హిమపు రేకులను చూచి బొమ్మలు వేయబోయెను. వేసి ముగించు లోపల అవి కరగిపోయెడివి. సూక్ష్మదర్శినికి తగిలించు కెమెరా కావలెనని అడిగెను. రైతు ఇంట ఆ ఖర్చు చిన్నది కాదు, తండ్రికి ఈ పని తెలివిమాలినదిగా తోచెను, అయినను కొనిపెట్టెను. 1885 జనవరి 15 న, తన పందొమ్మిదవ ఏట, బెంట్లీ తన మొదటి హిమస్ఫటిక ఛాయాచిత్రమును తీసెను. జీవితకాలమున ఐదువేలకు పైగా తీసెను. ఆవులను పెంచి పాలమ్ముకొనుచునే తీసెను. వానిలో రెండు వేలకు పైగా చిత్రములతో 1931 లో గ్రంథము వెలువడెను. ఆ సంవత్సరము డిసెంబరులోనే ఆయన మరణించెను. తండ్రికి నచ్చని పనికి తండ్రియే కెమెరా కొనిపెట్టుట ఈ కథలో మెచ్చుకొనదగిన భాగము. తల్లి ఔదార్యమును గూర్చి పలువురు చెప్పుదురు. తండ్రి సణుగుచు తీసి ఇచ్చిన డబ్బును గూర్చి అంతగా చెప్పరు.

బాలికకు రేకును చూపుట కష్టము కాదు. నల్లని ఉన్నిబట్టను అరగంట బయట ఉంచి చల్లబరచి, దానిపై పడిన రేకును భూతద్దముతో చూడవలెను. ఊపిరి మాత్రము ప్రక్కకు విడువవలెను. ఇంతలో ఐదేండ్ల బిడ్డ ఊపిరి బిగబట్టుట నేర్చును. ప్రాణాయామమునకు గురువు లెవ్వరును ఇంతకంటె సులభముగా నేర్పజాలరు.

మధ్యాహ్నము అందరును గట్టుకు పోవుదురు. న్యూ ఆర్లియన్స్ చదునైన ఊరు. చాలభాగము సముద్రమట్టమునకు దిగువనే యున్నది. కొండ యన నేమో బిడ్డలకు చూపుటకే 1930 ల కరవు దినములలో ఆడుబాన్ ఉద్యానమున మట్టి పోసి ఒక దిబ్బను కట్టిరని ఆ ఊరి ప్రతీతి. హిమమున జారుటకు ఆ ఊరికి మిగిలినది మిసిసిపీ నది వరదగట్లు. జారుబండ్లు ఎవరియొద్దను లేవు. అట్టపెట్టెలు, ప్లాస్టికు తొట్ల మూతలు, గాలి దిండ్లు, చిన్న పడవలు, ఏది దొరికిన అది తెచ్చిరి. 2005 లో కత్రినా తుఫానునకు తెగి ఊరిని ముంచినవి గూడ గట్లే. అవి కాలువల గట్లు. గట్టు అనగానే పెద్దవారి మనస్సులో భయము కదలు ఆ ఊరిలో, ఆ దినము బిడ్డలకు గట్టు అనగా జారుడుబండ.

ఆనాడే ఆ ప్రాంతమున కొందరు క్రైస్తవ సన్యాసినులు ఒక మతాచార్యునితో మంచు ముద్దలు విసరుకొని ఆడిరి. ఆ దృశ్యమును లోకమంతయు చూచి నవ్వెను. పవిత్రమైన వస్త్రమును ధరించినవారు పరుగెత్తుట తగునా యని సందేహించువారు అంతటను కొందరుందురు. మన దేశమున ఈ సందేహమునకు తావు తక్కువ. సృష్టినే లీల యన్న శాస్త్రము మనది. వెన్నదొంగను పరబ్రహ్మమని కొలిచిన జాతి మనది. అయితే మనము కొలుచుట నేర్చినంతగా ఆడుట నేర్వలేదు. బాలకృష్ణుని ఊయలలో నిడి పాట పాడిన తండ్రి, తన బిడ్డ బురదలో దిగినచో కేకలు వేయును.

హిమమును చూడబోయి చిక్కులోపడిన గృహస్థుడు తెలుగువారికి బాగుగా తెలిసినవాడే. అల్లసాని పెద్దన మనుచరిత్రమున ప్రవరుడు నిత్యాగ్నిహోత్రి, తల్లిదండ్రులను సేవించువాడు, ఇల్లు విడిచి కదలనివాడు. సిద్ధుడిచ్చిన పసరును పాదములకు పూసికొని హిమాలయమును చూడబోయెను. చూచెను, మురిసెను. మధ్యాహ్నమునకు ఇల్లు చేరవలెనని తలచునప్పటికి కరగిన మంచునీటిలో కాలి పసరు కరగిపోయినది, కదలలేడు. వరూధిని కథ తరువాతిది. దానిని గూర్చి చెప్పువారు పెక్కురు కలరు. ఇచట గమనింపవలసినది ముందరి ఘట్టము. ప్రవరుడు ఇంటివారి నెవ్వరిని వెంట తీసికొనిపోలేదు. ఒంటరిగా పోయి, చూచి, ఒంటరిగా తిరిగి రావలెనని తలచెను. న్యూ ఆర్లియన్స్ కుటుంబమునకు పసరు అవసరము లేకపోయెను. హిమమే వారి ముంగిటికి వచ్చినది, దారులు మూసి, నలుగురిని ఒక్కచోట నిలిపినది. పనిమీద బయటకు పోవు మార్గమే లేనపుడు గాని ఒక్కచోట కూర్చుండని కుటుంబములు ఈనాడు ఏ దేశమున లేవు?

సాయంకాలమున అరుగు క్రింద నీటి గొట్టము సంగతి వచ్చును. ఆ ఊరి పాత ఇండ్లు వరదకును ఉక్కకును తట్టుకొనునట్లు నేలకు ఎత్తుగా స్తంభములపై కట్టినవి. క్రింద గాలి ఆడును, గొట్టములు ఆ గాలిలోనే పోవును. వేసవికి మేలైనదే చలికి కీడు. నీరు గడ్డకట్టి వ్యాకోచించినచో గొట్టము పగులును. కుళాయిని సన్నని ధారగా వదలి, గొట్టములకు పాతబట్టలు చుట్టుదురు. ప్రక్కయింట ఒంటరిగా నున్న వృద్ధుని గొట్టములకు గూడ చుట్టవలెను. ఆయనకు వేడి సూపు ఈయవలెను. బాలికను వెంట తీసికొనిపోవుట మంచిది. తండ్రి వంగి గుడ్డ చుట్టుచుండగా దీపము పట్టుకొనుట ఆమె పని. దినమంతయు తన కొరకే కురిసినదని తలచిన హిమము, మరియొకని ఇంట చలిగాను భయముగాను ఉన్నదని ఆమెకు అచట తెలియును. ఆ హిమతుఫానులో దక్షిణ రాష్ట్రములందు పలువురు మరణించిరి. ఆ సంగతి ఐదేండ్ల బిడ్డకు ఆనాడే చెప్పనక్కరలేదు. దీపము పట్టించిన చాలును.

ఇక కరగుట. చలి రెండు మూడు దినములు నిలిచినది. వారాంతమునకు చాలవరకు కరిగెను. ముంగిట చేసిన హిమమానవుని తల ముందు వంగును, తరువాత రాలును. బాలిక ఏడ్చును. ఇది కృత్రిమమైన ఏడుపు కాదు. ఆమె తన చేతులతో చేసి, పేరు పెట్టి, తన టోపీ పెట్టినది. పెద్దలకు నోటికి వచ్చు మాటలు రెండు. "మరల పడినప్పుడు చేసికొందములే" అనునది మొదటిది. అది అబద్ధమని చెప్పువారికే తెలియును. "దీనికే ఏడ్తురా" అనునది రెండవది. అది బిడ్డ శోకమును అవమానించుట. వేదాంతము చదివిన తండ్రియైనచో మూడవది గూడ కలదు: నామరూపములు నశించునవే, నీరు మాత్రము సత్యమని చెప్పుట. శ్రీరామకృష్ణులు భక్తి యను చలికి నిరాకార సాగరము గడ్డకట్టి రూపము దాల్చుననియు, జ్ఞానసూర్యుడుదయింపగా కరగుననియు చెప్పెడివారు. అది సాధకులకు చెప్పిన మాట. టోపీ తడిసి నేలపై పడియున్న బిడ్డకు దానిని చెప్పుట అనుచితము. ఇరువది దినముల క్రిందట బిడ్డలను పోగొట్టుకొన్న తల్లులు ఆ నగరమున నుండిరి; వారికి ఎవరైన వచ్చి నీరు సత్యమని చెప్పియుందురా?

టోపీని తీసి పొయ్యి దగ్గర ఆరవేయవచ్చును. ఎక్కడికి పోయినదని బిడ్డ అడిగినచో నిజమే చెప్పవచ్చును: కొంత నేలలోనికి, కొంత కాలువలోనికి, అచటినుండి సరస్సులోనికి, కొంత ఎండలో ఆవిరియై పైకి. పది అంగుళముల హిమము కరగిన సుమారు ఒక అంగుళము నీరగును. ముంగిలి నిండినది గిన్నెడు నీరేనా యని ఆమె ఆశ్చర్యపడును. ఆశ్చర్యము ఏడుపును పూర్తిగా ఆపదు గాని దానికి తోడుగా కూర్చుండును.

ఆ ఇంటి బాలిక పెక్కురు బిడ్డలవలె ఒక ముద్దను సంచిలో చుట్టి రిఫ్రిజిరేటరు పైఅరలో దాచినదనుకొందము. అచట గూడ అది నిలువదు. గడ్డకట్టిన హిమము కరగకుండనే, నీరు గాకుండనే, తిన్నగా ఆవిరియై మెల్లమెల్లగా తరుగును. చుట్టిన సంచి లోపలి వైపున ఆ ఆవిరి తిరిగి తెల్లని నూగుగా పేరుకొనును. మే మాసమున, వీథిలో తురిమిన ఐసు అమ్మువాని గంట వినిపించు వేళ, ఆమె తలుపు తెరచి చూచినచో, నారింజకాయంత ముద్ద నిమ్మకాయంత యై, గట్టిపడి, ఒక ప్రక్క బూడిదరంగున నుండును. అమ్మమ్మ దానిని అరచేతిలో పట్టుకొని, 1963 లో దాచుకొనవలెనను తలంపే తమకెవ్వరికిని రాలేదని చెప్పును. బాలిక దానిని మరల సంచిలో చుట్టి, చేపల పొట్లము వెనుక పెట్టి, తలుపు మూయును.